జబ్బు వెతికేవాడి తెల్లపూలు

బ్రేజాండ్
23 ఏప్రిల్ 1981

అమ్మాయ్ ఆఫ్రా,

నాలుగు రోజులుగా మబ్బు. గాలి సముద్రం వైపు నుంచి. ఊళ్ళో అందరూ ఎండ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు గానీ జబ్బు మొక్కలు వెతికే నా పనికి ఇంతకన్నా మంచి వెలుతురు లేదు. ఎండలో ఆకులన్నీ ఒకేలా మెరుస్తాయి, జబ్బు కనపడదు. ఈ రోజు కోర్ వైడెనెస్ ఎర్ర టులిప్ పొలంలో ఇరవై రెండు సాళ్ళు నడిచాను. ఆరున్నర నుంచి నాలుగింటి దాకా వంగి నడిచి, ఇంటికొచ్చాక వంగినట్టే కూర్చుని రొట్టె తిన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నా నడుము ఇంకా ఒప్పుకోవడం లేదు.

విషయానికొస్తాను. కోర్ పొలంలో నలభై ఒక్క పువ్వుకి రంగు విరిగింది. ఎరుపులో తెల్లటి మంటలు లేచినట్టు చారలు. బస్సులో వచ్చిన జర్మన్లు మంచి పూలన్నీ వదిలేసి వాటినే ఫోటో తీసుకుంటారు. వాళ్ళు ఫోటో తీశాక నేను దుంపతో సహా పీకి బకెట్లో వేస్తాను. నిన్న ఒకావిడ నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూసింది.

నలభై ఒకటీ కాలువ వైపు సాళ్ళలోనే ఉన్నాయి. అక్కడ ఏముందో నీకు తెలుసు. కోర్ పొలం అయిపోగానే నా మడి, దాని పక్కన కాలువ, అవతల గ్రీట్ కాన్ పెరడు. ఆ పెరట్లో లిల్లీలు. లిల్లీలో ఈ జబ్బు దాగి ఉంటుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పోయినేడు పేనుబంక అక్కడ కుట్టి, ఎగిరొచ్చి ఇక్కడ కుట్టింది. ఈ ఏడు పువ్వు విరిగింది. లిల్లీలు పీకెయ్యమని గ్రీట్‌కి చెప్పాను. "వాటికన్నా ముందు నిన్ను పీకిస్తాను" అంది. మొగుడు పోయి ఆరేళ్ళయినా ఆవిడ నోరు ఇంకా ఇద్దరికి సరిపడా ఉంది.

నా తొందర ఎందుకో నీకు చెప్పాలా? మే ఏడున పూల సంఘం వాళ్ళు ఇద్దరు నా 62-14 చూడ్డానికి వస్తున్నారు. పంతొమ్మిదేళ్ళు, ఆఫ్రా. విత్తనం వేసిన ఏడు నువ్వు నడవడం నేర్చుకుంటున్నావు. ఒక్క దుంప నుంచి ఇప్పుడు పదకొండు వందల నలభై మొక్కలు. ఆ తెలుపు ఇంకే టులిప్‌లో లేదు, ఎనామిల్ గిన్నె లోపలి తెలుపు. వాళ్ళు ఒప్పుకుంటే దానికి అంకె పోయి పేరొస్తుంది. దాని పక్కనే జబ్బు లిల్లీలు ఉండకూడదు.

మీ వైరస్ ఆఫీసులో లిల్లీ ఆకులు పరీక్ష చేయగలవా? కాగితం మీద రాసిస్తే గ్రీట్ మొహం మీద పెడతాను.

మీ బాబాయి
సైమెన్


వాగెనింగెన్
27 ఏప్రిల్

బాబాయ్,

మాది ఆఫీసు కాదు, ప్రయోగశాల. పదిసార్లు చెప్పాను. నేను రోజంతా ఆకులు నలిపి రసం తీస్తాను. అమ్మ ఫోన్‌లో అడిగింది, "ఇంత చదివి చివరికి చట్నీ పనా?" అని.

ఆకులు పంపు. ఇలా పంపాలి: లేత ఆకు కాదు, ముదురాకు కాదు, మధ్యది. ఒక్కొక్కటి తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, సంచి మీద పెన్సిల్‌తో అంకె వెయ్యి. లిల్లీలు ఆరు చాలు. కోర్ పొలంలో విరిగిన మొక్కవి రెండు, అవి జబ్బుకి నమూనా. ఇంకా ముఖ్యమైనది, నువ్వు ఒట్టేసి చెప్పగల ఆరోగ్యమైన మొక్క ఆకులు నాలుగు. అవి లేకపోతే పరీక్షకి అర్థం లేదు. రంగు మారింది అనాలంటే మారనిది పక్కన ఉండాలి కదా.

పని ఎలా జరుగుతుందంటే, ఒక ప్లాస్టిక్ పళ్లేనికి తొంభై ఆరు చిన్న గుంటలుంటాయి. ఆ గుంటల్లో ముందే కుందేలు రక్తం నుంచి తీసిన సీరం పూసి ఉంటుంది. మన వైరస్‌ని ఆ సీరం గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఆకు రసం పోసి, కడిగి, ఇంకేవో రెండు పోసి ఆగితే, జబ్బున్న గుంట పసుపుపచ్చగా తిరుగుతుంది. లేనిది నీళ్ళలా ఉంటుంది. కళ్ళతో పని లేదు, నడుముతో అసలే లేదు.

పోయిన క్రిస్మస్‌కి అడిగావు, అది పురుగా, బూజా, బతికున్నదా అని. అప్పుడు నా నోట్లో కేకు ఉంది. ఇప్పుడు చెప్తాను. దానికి నోరు లేదు, కడుపు లేదు, కాళ్ళు లేవు. సన్నటి పోగు, దాని మీద చొక్కా. అంతే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే సూపులోని సేమ్యాలా ఉంటుంది. సీసాలో ఉన్నంతసేపు అది ఏమీ చెయ్యదు, ఉప్పులా పడి ఉంటుంది. మొక్క కణంలోకి వెళ్ళిందంటే చొక్కా విప్పుతుంది. ఆ పోగు ఒక ఉత్తరం లాంటిది. "ఈ ఉత్తరం చదివినవారు దీన్ని వందసార్లు నకలు రాసి ఇరుగుపొరుగుకి పంచండి" అని అప్పుడప్పుడు కార్డులు వస్తాయి చూడు, అది. కణం పాపం చదువుతుంది, తన పని మానుకుని నకళ్ళు రాస్తూ కూర్చుంటుంది. ఆ గొడవలో పువ్వుకి రంగు సరిగా వెయ్యలేకపోతుంది. చారలు అందుకే.

ఇంకో మాట. నీ అక్షరాలు ఎందుకింత పెద్దవయ్యాయి? ఒక పేజీకి సరిపడేది మూడు పేజీలు రాశావు. మాటల్లో పిసినారివి, కాగితం దగ్గర దుబారా చేస్తున్నావేం?

ఆఫ్రా


బ్రేజాండ్
1 మే

అమ్మాయ్,

నిన్న రాణిగారి పండుగ. ఊరంతా జెండాలు, కాబట్టి గ్రీట్ కూడా ఊళ్ళోకి వెళ్ళి ఉంటుందనుకున్నాను. కత్తెర, సంచి పట్టుకుని కాలువ మీది చెక్క పలక దాటి ఆవిడ పెరట్లోకి వెళ్ళాను. లిల్లీల దగ్గర మోకాళ్ళ మీద ఉండగా వెనకనుంచి వినపడింది.

"తలుపు కొట్టి దొంగతనానికి రావడం మీ వంశంలో లేదా, సైమెన్?"

"ఇది దొంగతనం కాదు. పరీక్ష."

"నా లిల్లీలకి పరీక్షా? అవి మా అమ్మ నాకిచ్చినవి. నీకన్నా శుభ్రంగా ఉంటాయి."

"అదే తేల్చడానికి."

ఆవిడ నా చేతిలో కత్తెర లాక్కుంది. తీసుకుని పొడిచేస్తుందనుకున్నాను. తనే ఆరు ఆకులు కత్తిరించి ఇచ్చింది. "జబ్బు లేదని తేలితే ఊరందరి ముందు క్షమాపణ చెప్పాలి. చర్చి మెట్ల మీద. టోపీ తీసి" అంది. ఒప్పుకున్నాను. ఓడిపోతానన్న భయం ఉంటే కదా.

ఆరు లిల్లీ, 1 నుంచి 6. కోర్ ఎర్రవి 7, 8. ఆరోగ్యమైనవి నా 62-14వి, 9 నుంచి 12. నేనే నాలుగు వేరు వేరు సాళ్ళలోంచి తీశాను. దేనిమీదైనా ఒట్టేస్తాను.

ఊళ్ళో ఎవరైనా నీకు చెప్పేలోపు నేనే చెప్తున్నాను. నేను గ్రీట్ రెయిన్‌కోటుకి గుడ్ మార్నింగ్ చెప్పానని ఆవిడ ప్రచారం చేస్తోంది. తీగ మీద ఆరేసి ఉందట, నేను టోపీ ఎత్తి పలకరించానట. ఆ రోజు పొగమంచు. ఎవరైనా పొరబడతారు. "నేను ఎదురొచ్చినప్పుడు కూడా అంత మర్యాద చూపించవు" అంది.

మబ్బు పోయింది. ఈ ఏడాది ఎండ మరీ ముదురుగా ఉంది, కళ్ళలో పొడుస్తోంది. నీ చిన్నప్పుడు నువ్వు పట్టుకుని నా పక్కన నడిచేదానివే, ఆ నల్ల గొడుగు, అది ఇప్పుడు మబ్బున్నా వేసుకుంటున్నాను. నీడలో ఆకు బాగా తెలుస్తుంది.

అక్షరాల సంగతా? కొత్త పెన్ను.

సైమెన్


వాగెనింగెన్
9 మే

బాబాయ్,

ఆకులు చక్కగా వచ్చాయి. పోస్టు మనిషి "లెట్యూసా?" అన్నాడు.

లిల్లీల సంగతి ఇంకా తేలలేదు. మొదటి పళ్లెం నాకు నచ్చలేదు, మళ్ళీ చేస్తున్నాను. ఇలాంటివి జరుగుతుంటాయి, కంగారేం లేదు.

ఈలోగా రెండు చిన్న పనులు చేస్తావా? 62-14 పూలు చూపించడం అయిపోయి ఉంటుంది, ఇక వాటి తలలు తుంచెయ్యి, ఆకుల మీద నూనె మందు కొట్టు. పేనుబంక కాలం మొదలైంది కదా. రెండోది, గొడుగు నీడలో 62-14 ఆకు ఒకటి పట్టుకుని, నీకేం కనిపిస్తోందో నాకు రాయి. ఊరికే, నా నోటుబుక్కు కోసం.

నీకు నచ్చే కబురొకటి. మా పక్క గదిలో బంగాళదుంపల వాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర ఒక జబ్బుంది, దుంప పొడుగ్గా, కదురులా సాగిపోతుంది. దాన్ని కలిగించేది మన వైరస్ కన్నా చాలా చిన్నది. దానికి చొక్కా కూడా లేదు. ఉత్త పోగు, అదీ పొట్టిది, రెండు కొసలూ కలిపి ముడేసినట్టు గుండ్రంగా ఉంటుందట. దిగంబరంగా కణంలోకి దూరి అదే పని చేయించుకుంటుంది. దానికి వైరాయిడ్ అని వేరే పేరు. ఆ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు మార్చుకోవాలి, కత్తులు మందులో ముంచాలి. పేనుబంక అక్కర్లేదు, ఒక మొక్కని కోసిన కత్తితో ఇంకోటి కోస్తే చాలు. చొక్కా లేనివాడికి ఇన్ని మర్యాదలు.

మే ఏడు ఎలా జరిగింది? రాయి.

ఆఫ్రా


బ్రేజాండ్
13 మే

అమ్మాయ్,

పొద్దున చినుకులు, మధ్యాహ్నం నుంచి పొడి. కోర్ పొలంలో తలలు తుంచే యంత్రం తిరుగుతోంది. కాలువ గట్టు మీద ఎర్ర రేకుల గుట్టలు.

మే ఏడు ఎలా జరిగిందా? ఇద్దరూ వచ్చారు. ఒకాయన లావు, ఒకాయన సన్నం. మడి చివర నిలబడి సాళ్ళన్నీ చూశారు. తర్వాత లావుపాటాయన టోపీ తీశాడు. ఆ వృత్తిలో వాళ్ళు శవం దగ్గర తప్ప టోపీ తియ్యరు. సన్నపాయన "పేరు అనుకున్నారా?" అన్నాడు. "పంతొమ్మిదేళ్ళు అంకెతోనే పిలిచాను, ఇప్పుడు తొందరేముంది" అన్నాను. ఫారం ఇచ్చి వెళ్ళారు. దుంపలు తవ్వేలోపు పేరు రాసి పంపాలి. కోర్ నా భుజం మీద చరిచాడు. రోజంతా నొప్పి.

వాళ్ళు వెళ్ళగానే తలలు తుంచాను. ఎప్పటిలా విత్తనానికి మూడు వదిలాను. నూనె కొట్టాను. నువ్వు చెప్పక ముందే కొట్టేవాణ్ణి.

ఆకు చూశాను. ఆకుపచ్చగా ఉంది. నీ నోటుబుక్కులో అదే రాసుకో, ఆకు ఆకుపచ్చగా ఉంటుందని. ఇందుకా ప్రభుత్వం మీకు జీతం ఇచ్చేది?

లిల్లీల మాట దాటెయ్యకు. కాఫీ క్లబ్బులో అందరికీ చెప్పేశాను, శాస్త్రీయంగా తేలబోతోందని. గ్రీట్ రోజూ కాలువ అవతల నుంచి "పోస్టు వచ్చిందా?" అని అరుస్తోంది. నిన్న ఆవిడ రెండు కోట్లు ఆరేసి, "ఇవాళ ఇద్దరున్నారు, ఎవర్ని ముందు పలకరిస్తావో చూద్దాం" అంది.

సైమెన్


వాగెనింగెన్
18 మే

బాబాయ్,

దీన్ని కూర్చుని చదువు.

లిల్లీలు ఆరూ శుభ్రం. గుంటలు నీళ్ళలా ఉన్నాయి. 7, 8 పసుపు. అవి కోర్ ఎర్రవి, ఊహించిందే. 9, 10, 11, 12 కూడా పసుపు. నాలుగూ. 7, 8 కన్నా ముదురు పసుపు.

పోయిన ఉత్తరం నాటికే ఇది నాకు తెలుసు. ఆ పళ్లెం బాగాలేదని అబద్ధం చెప్పాను. అది బాగానే ఉంది. పంపిన ఆకుల్లో మిగిలినవి ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఇంకో రెండుసార్లు చేశాను. ఒకసారి పేర్లు దాచిపెట్టి మా పెద్దాయన చేత చేయించాను. తర్వాత మైక్రోస్కోపు ఖాళీ దొరికితే 11వ ఆకు రసం పెట్టి చూశాను. సేమ్యా ఉంది, బాబాయ్. గిన్నె నిండా.

తెల్లపువ్వులో విరగడానికి రంగు లేదు. ఎర్రది జబ్బు పడితే పువ్వే అరిచి చెప్తుంది. తెల్లది చెప్పదు. పసుపుది చెప్పదు. వాటికి ఆకు ఒక్కటే సాక్ష్యం, సన్నటి బూడిదరంగు చారలు, ఈనె వెంబడే. ఇది నేను పుస్తకంలో చదవలేదు. నాకు పదకొండేళ్ళప్పుడు గొడుగు పట్టుకుని నడుస్తుంటే నువ్వు చెప్పావు. "తెల్లవాటి దగ్గర పువ్వు వైపు చూడకు, అది మర్యాదస్తురాలు, ఏమీ బయటపెట్టదు. ఆకు చూడు" అన్నావు.

నువ్వు పంపిన నాలుగు ఆకుల మీదా ఆ చారలున్నాయి. కిటికీ దగ్గర చెయ్యి చాపి పట్టుకుంటే నాకు కనిపించాయి. నేను రోజంతా ఆకులు నలిపేదాన్నే తప్ప వెతికేదాన్ని కాదు.

నీకెందుకు కనిపించలేదు?

పెద్ద అక్షరాలు, గుచ్చే ఎండ, మబ్బులో గొడుగు, రెయిన్‌కోటు. ఇవన్నీ నేను పక్కపక్కన పెట్టి చూశాను. నువ్వు కూడా పెట్టు.

ఆఫ్రా


బ్రేజాండ్
22 మే

కుమారి ఆఫ్రా బ్లావ్‌బూర్ గారికి,

మీ ఉత్తరం అందింది. సంచుల అంకెలు మీ దగ్గర తారుమారై ఉంటాయి.

ఈశాన్యం గాలి. పొలం పని మామూలే.

సై. బ్లావ్‌బూర్


వాగెనింగెన్
25 మే

గౌరవనీయులైన బ్లావ్‌బూర్ గారికి,

తారుమారు కాలేదు. అయినా నన్ను నమ్మొద్దు. నేను నీ అన్న కూతుర్ని, నీ మీద ప్రేమ ఉన్న మనిషిని, అందుకే పది రోజులు అబద్ధం ఆడాను. నీ మీద కోపం ఉన్న మనిషిని పిలిచి ఆ ఆకులు చూపించు. నిన్ను ఓదార్చాల్సిన అవసరం ఆవిడకి లేదు. కాలువ దాటితే చాలు.

పేనుబంక రెక్కలతో ఎగురుతోంది. నీ మడిలో కుట్టినది పక్క పొలంలో కుట్టడానికి పది నిమిషాలు చాలు. పక్క పొలం కోర్‌ది.

ఈ ఉత్తరం లావు పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాశాను. గమనించే ఉంటావు. గమనించకపోతే అదీ ఒక సమాధానమే.

విధేయురాలు
ఆఫ్రా


బ్రేజాండ్
2 జూన్

ఆఫ్రా,

శనివారం పొద్దున మబ్బుగా ఉంది. కాలువ దాటి, తలుపు కొట్టి, "ఒక ఆకు చూసి పెడతావా?" అన్నాను. గ్రీట్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. క్షమాపణకి వచ్చాననుకుందట. మొహం చూసి, తిట్టకుండా బూట్లు తొడుక్కుంది. అది మొదటిసారి.

మడి దగ్గర ఆమెకి ఒకే ఒక్కసారి చెప్పాను, ఈనె వెంబడి బూడిద చార, పాలు చిందినట్టు. గొడుగు నేను పట్టుకున్నాను. మొదటి మొక్క దగ్గర వంగింది.

"ఇదా?"

"నాకేం తెలుసు? నువ్వు చెప్పు."

"సైమెన్, ఇది నీకు కనపడటం లేదా?"

"పువ్వు కనిపిస్తుంది. మొక్క కనిపిస్తుంది. ఆకు కనిపిస్తుంది. ఆ పైన అంతా చీజ్ వడకట్టే పల్చటి గుడ్డ కప్పినట్టుంది."

"ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు. నాలుగు."

"నాలుగేళ్ళుగా ఊరందరి పొలాల్లో ఏం వెతుకుతున్నావురా మగడా?"

ఎర్రవాటిలో పరవాలేదని చెప్పాను. రంగు విరిగితే ఇప్పటికీ తెలుస్తుంది. ఆకు ఒక్కటే తెలియదు. తెల్లవి ఊళ్ళో నాకు తప్ప ఇంకెవరికీ లేవు, పసుపువి ఎవరూ వెయ్యరు, అందుకే ఎవరికీ నష్టం కలగలేదు. అంటే, నాకు కలిగింది. నా దాని నుంచి కోర్‌కి కలిగింది.

జబ్బున్న మొక్క పక్కన వెదురు పుల్ల గుచ్చమని రెండు వందలు తెచ్చాను. రెండో సాలు సగంలోనే అయిపోయాయి. గ్రీట్ ఇంటికెళ్ళి బట్టల క్లిప్పుల బుట్ట తెచ్చింది. అవీ అయిపోయాయి. అప్పుడు "లేనివాటికి పెడితే తొందరగా అవుతుంది" అని నవ్వేసి, వెంటనే నోరు మూసుకుంది. నాకు కూడా నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు.

ఆ పుల్లల మధ్య చేతులతో తడుముతూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. పుల్లలు తెలుస్తున్నాయి.

మొత్తం తీసెయ్యాలని అక్కడే అనుకున్నాను. వేరేవాళ్ళ మడి అయితే ఒక్క నిమిషం ఆలోచించేవాణ్ణి కాదు, కాబట్టి ఆలోచించలేదు. సోమవారం, అంటే నిన్న, ఏడింటికి మొదలుపెట్టి రెండింటికి ముగించాను. గ్రీట్ తవ్వింది, నేను ఎత్తి బళ్ళో వేశాను. పదకొండు వందల ముప్పై ఏడు మొక్కలు, దుంపలతో సహా. కాల్చే గుంటలో వేసి డీజిల్ పోశాం. పచ్చి దుంపలు సరిగా కాలవు, ఇంకా పొగ వస్తోంది. ఫారం కూడా అందులోనే వేశాను.

సాయంత్రం కోర్ ఇంటికెళ్ళి చెప్పాను. కళ్ళ సంగతి కూడా. చాలాసేపు పైపు శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాడు. "పోయినేడు నువ్వు నా కుక్కని ఒక రోజంతా గొర్రెపిల్ల అన్నావు, హాస్యమనుకున్నాను" అన్నాడు. వచ్చే వసంతానికి వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. తప్పేం లేదు.

లెక్కలో మూడు తక్కువ ఉన్నాయని నీకు తట్టి ఉంటుంది. విత్తనానికి వదిలినవి మూడు. వాటి కాడలు కాయలతో సహా కోసి, దుంపలు మంటలో వేసి, కాడలు మాత్రం బకెట్ నీళ్ళలో పెట్టాను. గ్రీట్ ఉతుకుగదిలో ఉన్నాయి, పేనుబంక వెళ్ళకుండా పైన ఆవిడ జాలీ కర్టెన్ కప్పింది. నీకు ఒకే ప్రశ్న. ఆ పోగు విత్తనంలోకి వెళ్తుందా? వెళ్తుందంటే ఆ మూడూ రేపే గుంటలో వేస్తాను. ఈసారి పది రోజులు ఆగకు.

సైమెన్

చర్చి మెట్ల మీద ఆదివారం టోపీ తీశాను. పద్నాలుగు మంది ఉన్నారు. గ్రీట్ "ఇంకాస్త గట్టిగా" అంది.


వాగెనింగెన్
4 జూన్

బాబాయ్,

ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను, పోస్టు డబ్బా ఐదింటికి తీస్తారు.

వెళ్ళదు. ఈ వైరస్ టులిప్ విత్తనంలోకి దాటడం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. దుంప అంటే తల్లి ఒంట్లో ముక్క, తల్లికి ఉన్నదంతా దానికి ఉంటుంది. విత్తనం అలా కాదు, అక్కడ లెక్క మళ్ళీ మొదటి నుంచి. అయినా నేను రూఢిగా చెప్పడం లేదు. మొలకలొచ్చాక ఏటా ఆకులు పంపు, పరీక్ష చేస్తాను.

ఇంకోటి కూడా చెప్పాలి, నీకు తెలిసిందే అయినా. విత్తనం నుంచి వచ్చేది 62-14 కాదు. దాని పిల్లలు. తెల్లగా ఉండొచ్చు, గులాబీగా ఉండొచ్చు, ఏమీ పనికిరానివీ కావచ్చు. పువ్వు చూడాలంటే ఐదేళ్ళు, ఆరేళ్ళు.

ఆ నాలుగు ఆకులూ నేను పారెయ్యలేదు. రెండు కాగితాల మధ్య పెట్టి ఎండబెట్టాను. చారలు ఇంకా కనిపిస్తున్నాయి. నీ కళ్ళు బాగయ్యాక చూపిస్తాను.

నువ్వు చెప్పినదాన్ని బట్టి అది శుక్లం. మా లైబ్రరీలో డాక్టర్ భార్య ఒకావిడ ఉంది, అడిగాను. "కంట్లో కటకం మసకబారడం, తీసేస్తారు, మందపాటి కళ్ళద్దాలు ఇస్తారు" అంది. అది వైరస్ కాదు, ఎవరికీ అంటదు, ఏ పేనుబంకా మొయ్యదు, కాబట్టి దాచుకోవడానికి నీకు ఏ కారణమూ లేదు. ఆల్క్‌మార్ ఆస్పత్రికి ఎప్పుడు వెళ్తున్నావో తేదీ రాయి. వేరే ఏమీ రాయకపోయినా ఫర్వాలేదు.

నువ్వు పీకేసిన మడి గురించి ఏమైనా రాయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. చట్నీ పని చేసేదాన్ని, నాకు చేతకాలేదు.

ఆఫ్రా


బ్రేజాండ్
12 జూలై

అమ్మాయ్ ఆఫ్రా,

ఇది సైమెన్ చెప్తుంటే నేను, గ్రీట్ కాన్, రాస్తున్నాను. అతని చేతిరాత ఇప్పుడు పోస్టు మనిషికి కూడా అర్థం కావడం లేదు. మధ్యలో నా మాటలు కలపకూడదని షరతు పెట్టాడు. ఒప్పుకోలేదు.

అతను చెప్పేది: వారం నుంచి పొడిగా ఉంది, దుంపలు తవ్వడానికి మంచి వాతావరణం. కోర్ ఎర్రవి తవ్వడం అయిపోయింది. కాలువ వైపు పది సాళ్ళు విడిగా పెట్టి, వచ్చే వసంతానికి రెండుసార్లు వెతికిస్తాడట. నా మడి ఖాళీగా ఉంది. ఈ ఏడాది అందులో గడ్డి వేస్తాను.

కాయలు గురువారం పగిలాయి. కాగితం మీద పోస్తే పేకముక్కల చప్పుడు చేశాయి.

నేను చెప్పేది: అయిదు వందల పదిహేడు విత్తనాలు. వెలుతురుకి పెట్టి చూశాను, లోపల బీజం ఉన్నవి నాలుగు వందల ఎనభై. అతను వేళ్ళతో లెక్కపెట్టి అయిదు వందల ఇరవై అన్నాడు. మూడు నా మిఠాయి పంచదార పలుకులు.

అతను చెప్పేది: ఆవిడ లెక్కే రాయి. చలికాలం ముందు పెట్టెల్లో విత్తుతాం. పెట్టెలు గ్రీట్ పెరట్లో, లిల్లీలకి ఈ చివర. లిల్లీలు శుభ్రమని ప్రభుత్వమే తేల్చింది కదా. మొదటి పువ్వు పూసే నాటికి నాకు డెబ్బై రెండు. అంత ముసలితనం కాదు. మా నాన్న డెబ్బై ఆరులో కూడా కాలువ దూకేవాడు.

నేను చెప్పేది: దూకేవాడు, నిజమే. పడేవాడు కూడా.

అతను చెప్పేది: ఆకు చూడటం గ్రీట్‌కి నేర్పుతున్నాను. చూపు కుదిరింది. నోరు మూసుకుని సాలు నడవడం రాలేదు. పిల్లలకి అంకెలు 81-1 నుంచి వేస్తాం. పేర్ల సంగతి ఇప్పుడొద్దు.

ఆ నాలుగు ఆకులూ పారెయ్యకు. చూస్తాను.

ఇక్కడితో అతను కాఫీ అడిగి ఆపేశాడు. మిగతాది నేను రేపు పోస్టులో వేసేముందు రాస్తాను.

13, సోమవారం. సన్నటి మబ్బు, గాలి లేదు. పొద్దున 7.50 బస్సుకి సైమెన్ ఆల్క్‌మార్ వెళ్ళాడు. ముందు కుడి కన్ను, పది రోజులు ఉండాలట. గొడుగు నా దగ్గర వదిలేశాడు.

గ్రీట్ కాన్